గృహవిజ్ఞానము: టాంకు అడుగున చేరిన నీరు

నిలువ నీటి కడవ అడుగున మడ్డి చేరుట మన మెల్లర మెఱిగినదే. పైన నీరు తేటగా నున్నంత మాత్రమున కడవ శుభ్రముగా నున్నదని ఏ యిల్లాలును నమ్మదు. ఇంటి ముంగిట నున్న పాత డీజిలు కారు విషయమునను మనము ఆ తెలివినే చూపవలెను.

మా యింట మామగారి నాటి అంబాసిడరు కారొకటి కలదు. ఆ కార్ల తయారీ 2014వ సంవత్సరముననే నిలిచిపోయినది గాన దానిని జాగ్రత్తగా కాపాడుకొనుచున్నాము. మొన్నటి వానకాలమంతయు అది సగము టాంకు డీజిలుతో కదలక నిలిచియుండెను. తరువాత బయటికి తీయగా రెండు మూడు కిలోమీటరులు పోవుట, ఆగుట, కొంతసేపు తాళి మరల కదలుట దానికి పరిపాటి యయ్యెను. మేస్త్రీ చూచి, పంపు చెడినదనియు, విప్పి బాగుచేయుటకు పెద్ద మొత్తము కావలెననియు చెప్పెను. ఇంట నున్న సొమ్ము పిల్లవాని కాలేజీ జీతమునకై దాచినది. అందుచే ముందుగా టాంకు అడుగు చూడవలెననియు, పంపు మాట ఆ పిమ్మట ఆలోచింతమనియు మేము పట్టుబట్టితిమి.

రాత్రి యంతయు కారును కదలింపక, ఉదయమున టాంకు అడుగు బిరడాను వదులుచేసి, మొదట కారిన దానిని గాజు సీసాలో పట్టించితిమి. గంటసేపటికి సీసాలో మూడు పొరలు తేటపడెను. అడుగున నీరు, పైన డీజిలు, నడుమ నల్లని జిగురు! లీటరు నీరు కిలో తూగగా, లీటరు డీజిలు సుమారు 830 గ్రాములే తూగును. కావున నీరెప్పుడును అడుగునకే దిగును.

ఈ నీరు ఎవరును పోసినది కాదు. టాంకు వెలితిగా నున్నప్పుడు లోపలి గాలిలోని తేమ రాత్రి చల్లదనమునకు రేకుపై చెమ్మగా పట్టి క్రిందికి జారును. ఆ నీటికిని డీజిలునకును నడుమ ఒకవిధమైన బూజు పెరిగి, డీజిలునే ఆహారముగా గొని బ్రదుకును. ఆ బూజును, రేకు త్రుప్పును కలసి, డీజిలును పీల్చు గొట్టపు మొదటి జాలీని మూసివేయుచుండెను. ఇంజను ఆగగానే పీల్పు పోయి మడ్డి వదలును. అందుచేతనే కారు కొంతసేపటికి మరల కదలెడిది.

టాంకును దించి కడుగుట మేస్త్రీ పనియే. ఐనను దగ్గర నిలిచి చూచుకొనవలసినవి కలవు. పని ఆరుబయట, నీడపట్టున జరుగవలెను. ముందుగా బ్యాటరీ తీగ విప్పవలెను. పొయ్యి, దీపము, బీడీ దరి చేరరాదు. మన దేశపు ప్రమాణము ప్రకారము నిప్పు తగిలినచో డీజిలు ఆవిరి అంటుకొను వేడి కనీసము 35 డిగ్రీలుండిన చాలును. మన వేసవి మధ్యాహ్నములు అంతకు మించిన వేడి గలవి గదా! డీజిలును పంపునకు కొనిపోవు గొట్టమును, మిగిలినదానిని తిరిగి తెచ్చు గొట్టమును మారిపోకుండ గుర్తులు పెట్టించుడు.

మా కారునకు ఈ పని జరుగుచుండగా, పైనున్న మంచి డీజిలును తీయుటకై షెడ్డు కుఱ్ఱవాడు రబ్బరు గొట్టమును నోట పెట్టుకొనబోయెను. మేము వెంటనే వారించి చేతిపంపు తెప్పించితిమి. డీజిలు గుటక ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణాపాయము కలుగవచ్చును. ఎవరైన మ్రింగినచో వాంతి చేయింపక తత్‌క్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. తీసిన డీజిలును మంచినీళ్ల సీసాలలో నెన్నడును పోయరాదు. పిల్లలు దాహమునకు త్రాగెదరు.

కడుగుటకు పెట్రోలు వాడరాదు. దాని ఆవిరి మంచు చలిలోనైనను అంటుకొనగలదు. కొంచెము మంచి డీజిలు పోసి, టాంకును అటునిటు ఊపి, పారబోసి, తేటగా వచ్చువరకు మరల మరల తొలుపవలెను. సబ్బునీటితో కడిగినచో లోపల తడి లేశమైనను మిగులకుండ ఆరబెట్టవలెను. రేకునకు చిల్లి కనబడినచో ఇంటివద్ద వెల్డింగు చేయింపకుడు. ఖాళీ టాంకులో నిండిన ఆవిరి నిండు టాంకు కంటె ప్రమాదకరము. మడ్డి డీజిలును కాలువలోను, నూతి దరిని పోయక షెడ్డు వారి పాతనూనె పీపాలో వేయించుడు.

జాలీని కడిగి, ఫిల్టరును క్రొత్తది వేయించి, మూతకుగల గాలి రంధ్రమును సూదితో తెరపించుడు. అది మూసుకొనినను ఇంజను ఇట్లే ఆగును. తుదకు గొట్టములలోని గాలిని తీయింపవలెను. ఫిల్టరు మర వదులుచేసి, చేతి మీటతో బుడగలు లేని డీజిలు వచ్చువరకు కొట్టినగాని ఇంజను పట్టదు.

మా కారు ఆ సాయంకాలమే ఇరువది కిలోమీటరులు ఆగక నడచినది. పంపునకు ఏ దోషమును లేదు. పిల్లవాని జీతము వేళకు చెల్లినది. మేస్త్రీ మోసగాడు కాడు. రోగమును పైనుండి వెదకెను, అంతే.

కారు గల సోదరీమణులు వానకాలము రాకముందే టాంకును నిండుగ పోయించి యుంచుడు. గాలికి తావు లేనిచో చెమ్మకును తావుండదు. ఏడాది కొకసారియైన అడుగు బిరడా విప్పించి ఒక్క సీసా పట్టి చూడుడు. ఆ సీసా చెప్పిన మాట విన్న పిమ్మటనే పెద్ద ఖర్చునకు ఒప్పుకొనుడు.