తూకానికి పోయిన గంగాళం

పాత వస్తువుకు మన ఊళ్లలో రెండు ధరలు. కాటా మీద పెడితే ఒకటి, కంటితో చూసి అడిగితే ఇంకొకటి. శావల్యాపురంలోనైనా వినుకొండలోనైనా మైకు పెట్టుకుని వీధుల్లో తిరిగే బండి ఇచ్చేది మొదటి ధరే. ఇనుమైతే కిలో ఇంత, ఇత్తడైతే ఇంత. అది గంగాళమా, గుండిగా, దీపపు సెమ్మా అన్నది కాటాకు పట్టదు.

స్టీలు వచ్చిన కొత్తలో మన ఇళ్ల ఇత్తడీ కంచూ చాలావరకు ఇలాగే పోయాయి. చింతపండు పెట్టి తోమే చాకిరీ తప్పిందని ఆడవాళ్లు సంతోషించారు. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, తోమింది వాళ్లే కదా. ఇప్పుడు అదే గంగాళాన్ని నగరాల్లో వేలు పోసి కొని, నీళ్లు నింపి, పైన నాలుగు బంతిపూలు తేలవేసి హాల్లో పెట్టుకుంటున్నారు. దాని అంచున చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరొకటి ఉంటుంది. ఏ ఊరి పెళ్లిలో ఏ మేనమామ చదివించాడో! ఆ పేరు అరగదీయమంటారా అని దుకాణదారు అడిగితే వద్దనండి. వస్తువు విలువలో సగం అదే.

రాళ్లకూ ఈ రెండు ధరలు తప్పలేదు. మన పల్నాడు జిల్లాలోనే ఉన్న అమరావతికి 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చేసరికి, జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టిస్తున్న కొత్త ఊరికి అక్కడి బౌద్ధ స్తూపం ఇటుకలూ రాళ్లూ తరలిపోతున్నాయి. కట్టేవాళ్లకు అది గట్టి రాయి, అంతే. మిగిలిన శిల్పాల్లో చాలావాటిని చూడాలంటే ఇప్పుడు చెన్నై ఎగ్మూరుకో, లండన్ బ్రిటిష్ మ్యూజియానికో పోవాలి.

పనికొచ్చేదాన్ని పారేయడం మనకు అలవాటు లేదు. శావల్యాపురం మీదుగా పోయే గుంటూరు–గుంతకల్లు లైను ఒకప్పుడు మీటరు గేజి. ఇలాంటి లైన్ల నుంచి ఊడదీసిన పాత రైలు కమ్మీలు మన ప్రాంతాల్లో ఇళ్లకు దూలాలయ్యాయి, పట్టా ముక్కలు బడిగంటలయ్యాయి. (ఆ ఖంగుమనే మోతకు ఏ కరెంటు బెల్లూ సాటి రాదన్నది మా పక్షపాతం.) అన్న చొక్కా తమ్ముడికి దిగింది, అమ్మ పాత చీరలు బొంతయ్యాయి. గడప లోపల ఇదంతా పొదుపే. గడప బయట, ముక్కూ మొహం తెలియనివాళ్లు వాడింది కొనాలంటే మాత్రం నామోషీ.

ఆ నామోషీ విమానం ఎక్కగానే తగ్గుతుంది. అమెరికాలో ఎంఎస్ చదివే మన పిల్లలు గుడ్‌విల్ లాంటి దుకాణాల్లో గిన్నెలూ చలికోట్లూ కొనుక్కుంటారు. ఎడ్గర్ హెల్మ్స్ అనే పాదిరి 1902లో బోస్టన్‌లో పెట్టిన సంస్థ అది. కలిగిన ఇళ్ల నుంచి పాత సామాను పోగుచేసి, పేదలచేత బాగుచేయించి, అమ్మి, వాళ్లకు కూలి ఇచ్చేవాడాయన. పిల్లలు వీడియో కాల్‌లో ఇంటికి సోఫా చూపిస్తారు. ఎక్కడ కొన్నదీ చెప్పరు!

మన దగ్గర కూడా బాగుచేసే చేతులకు కూలి దొరకాలి. పాత ఇత్తడి గిన్నె పూలకైతే ఉన్నది ఉన్నట్టే సరిపోతుంది. అందులో పులుసు కాచాలంటే లోపల కళాయి ఉండి తీరాలి, లేకపోతే పులుపుకు లోహం కరిగి చిలుమెక్కుతుంది. గిన్నెను నిప్పుల మీద కాల్చి, నవాసాగరం చల్లి, కరిగిన తగరాన్ని గుడ్డతో లోపలంతా రుద్దడం చూడటానికి తేలికే, చెయ్యి తిరగాలి. పాత గిన్నెలు దొరికినంత సులువుగా కళాయి పూసేవాళ్లు దొరకడం లేదు. ఎక్కడైనా ఒకాయన కనబడితే ఒక్క గిన్నె ఇచ్చి ఊరుకోకండి. వీధిలో నాలుగిళ్లవీ పోగేసి ఇవ్వండి. ఒకటైనా పదైనా కొలిమి రాజేసే శ్రమ ఆయనకు ఒకటే.