బరువులేని కొలిమి

కరగిన లోహములో వేడి భాగము తేలికయై పైకి లేచును. చల్లని భాగము బరువై క్రిందికి దిగును. దీనికి సంవహనమని పేరు. ఈ కదలిక వలననే పెరుగుచున్న స్ఫటికములో మిశ్రమపదార్థము ఒకచోట హెచ్చుగను, వేరొకచోట తక్కువగను చేరును. భూమిచుట్టు తిరుగు నౌకలో ఈ చిక్కు చాలవరకు తొలగును. అచట ఆకర్షణ లేదనుట పొరపాటు. 400 కిలోమీటర్ల యెత్తునను భూతలమునందలి దానిలో నూటికి దాదాపు 90 వంతులుండును. నౌకయు, కొలిమియు కలసి నిరంతరము పడుచుండుటచే బరువు తెలియదు.

2007 జనవరి 10న శ్రీహరికోట నుండి ఎగసిన ఎస్.ఆర్.ఇ.-1 నౌక ఇట్టి కొలిమిని కొనిపోయి, 22వ తేదీన బంగాళాఖాతమున దిగినది. ఇట్టి యవకాశములు అరుదు. కనుకనే శాస్త్రజ్ఞులు ముందుగా కంప్యూటరుపై లెక్క కట్టుదురు. సమీకరణములో గురుత్వమునకు సున్న వేసినంతనే తెరపై సంవహనము ఆగిపోవును.

కాని కొలిమిలోని ద్రవము ఆగదు! ద్రవమునకు తెరచిన ఉపరితలమున్నచో, ఉష్ణభేదమును బట్టి తలతన్యత మారి, దానిని సాధారణముగా చల్లని వైపునకు లాగును. 19వ శతాబ్దిలో ఇటలీ శాస్త్రజ్ఞుడు మారంగోని పరిశోధించిన ఈ చలనము భూమిపై తరచు సంవహనము చాటున మరుగుపడును. దీనిని లెక్కలో చేర్చనివారికి యంత్రము అసత్యమునే అందముగా చూపును.

కావున లెక్క కొలిమికి బదులు కాదు; కొలిమిని అడుగవలసిన ప్రశ్న. గణితమును, ప్రకృతిశాస్త్రమును వేరువేరుగా వల్లెవేయించు చదువు ఈ వివేకము నీయజాలదు. సున్న వేయుట ఎవరికైనను వచ్చును. దేనికి వేయరాదో నేర్పునదే విద్య.