పక్క సీట్లో బ్రేకు

పోయిన సంక్రాంతికి నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళాను. సూర్యాపేట దాటాక గమనించాను, ముందు లారీ కనబడినప్పుడల్లా ఆయన కుడికాలు కింద ఉన్న మ్యాటుని గట్టిగా తొక్కుతోంది. పాతికేళ్ళు చేతక్ నడిపిన మనిషి, అక్కడ బ్రేకు లేదని ఆయనకి తెలీదా? "నెమ్మదిరా" అన్నారు. నేను వెళ్తున్నది 80లోనే. నవ్వొచ్చింది.

ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు మొదటిసారి ప్రొడక్షన్ సర్వర్ మీద స్క్రిప్టు నడపబోతున్నాడు. నాలుగుసార్లు టెస్టు చేసిన స్క్రిప్టే, నాకంటే జాగ్రత్తగా రాశాడు కూడా. అయినా వెనక నిలబడ్డ నాకు అరచేతులు చెమటలు పట్టేశాయి. "ఇటివ్వు, నేను కొడతా" అని కీబోర్డు లాక్కున్నాను. అంతకుముందు నెలలో తప్పు డేటాబేసు మీద డిలీట్ కొట్టిన మహానుభావుడు ఎవరనుకున్నారు? నేనే!

అంటే నా భయం సర్వర్ పడిపోతుందని కాదన్నమాట. వేరేవాళ్ళ చేతిలో పడిపోతుందని.

ఎలెన్ లాంగర్ అనే సైకాలజిస్టు 1975లో దీని మీద ఒక పేపరు రాసింది. కొందరికి డాలరు లాటరీ టికెట్టు తనే ఇచ్చింది, కొందరిని ఏరుకోమంది. తర్వాత టికెట్టు అమ్ముతారా అని అడిగిస్తే, ఇచ్చింది తీసుకున్నవాళ్ళు సగటున 2 డాలర్లకే సరే అన్నారు. సొంతంగా ఏరుకున్నవాళ్ళు 8 డాలర్ల పైనే అడిగారు. తగిలే అవకాశం మాత్రం అందరికీ ఒకటే. ఇది సరదాగానే ఉంటుంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత చాలామంది అమెరికన్లు విమానం మానేసి కారెక్కారు. అలా ఏడాదిలో సుమారు 1,500 మంది అదనంగా రోడ్ల మీద చనిపోయారని గెర్డ్ గిగరెంజర్ లెక్క కట్టాడు. స్టీరింగు చేతిలో ఉంటే చాలు, ప్రమాదం తగ్గినట్టే అనిపిస్తుంది మనకి.

నాకు బాగా నచ్చింది మాత్రం గ్లాస్, సింగర్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం. మనుషుల్ని కూర్చోబెట్టి చెవులు పగిలే శబ్దం వినిపించారు. కొందరికి మాత్రం ఒక బటన్ చూపించి, "మరీ భరించలేకపోతే నొక్కండి, నొక్కకపోతే మాకు సంతోషం" అన్నారు. దాదాపు ఎవరూ నొక్కలేదు. అందరూ విన్నది ఒకే మోత. కానీ ఆ తర్వాత ఇచ్చిన పనుల్లో బటన్ ఉన్నవాళ్ళు ఎక్కువసేపు ఓపిక పట్టారు, తక్కువ తప్పులు చేశారు. వాడని బటన్ కూడా పని చేసింది!

ఇది చదివినప్పుడు నాన్న గుర్తొచ్చారు. ఆయన రిటైరయ్యాక కరెంటు, గ్యాసు, కేబుల్ అన్నీ నా ఫోన్లో పెట్టేసి, వాటికి ఆటో పే కూడా పెట్టేశాను. ఆయన ఎండలో తిరగక్కర్లేదని గొప్పగా ఫీలయ్యాను. అప్పట్నుంచీ ఒకటే గొడవ. "ఈ నెల ఎంతొచ్చింది? కట్టావా? ఏదీ, రసీదు చూపించు." నా మీద నమ్మకం లేదనుకున్నా, చాదస్తం అని అమ్మతో విసుక్కున్నా కూడా. నిజానికి ఆయన పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతున్నారు. ఆ సీట్లో కూర్చోబెట్టింది నేనే.

అలాగని అన్నీ తిరిగిచ్చేయమని కాదు. రాత్రిపూట హైవే మీద స్టీరింగు అడిగితే ఇవ్వను, ఎదురొచ్చే లైట్లకి ఆయన కళ్ళు ఆగవు. కానీ కరెంటు బిల్లులో ఏం ప్రమాదం ఉందండీ? మహా అయితే ఓ నెల ఆలస్యమవుతుంది.

ఆటో పే తీసేశాను. ఈ నెల గడువుకి మూడు రోజుల ముందే కౌంటరుకెళ్ళి కట్టొచ్చారు. పోయిన నెలకంటే 14 యూనిట్లు ఎందుకు ఎక్కువొచ్చాయో ఫోన్లో ఇరవై నిమిషాలు చెప్పారు (గీజరుట). గ్యాసు సంగతి కూడా తనే చూసుకుంటానంటున్నారు. ఇచ్చేయొచ్చు. బుకింగు మర్చిపోతారేమోనని నాకే కొంచెం భయంగా ఉంది.