నైజీరియా అంకెలు – లెక్కకెక్కని మనుషులు

ఒక దేశపు సంపద ఒక్క దినంలో దాదాపు రెట్టింపు కాగలదా? 2014 ఏప్రిల్ 6వ తేదీన నైజీరియాలో కాగితం మీద అట్లే జరిగింది. 2013వ సంవత్సరపు స్థూల దేశీయోత్పత్తి 42.4 లక్షల కోట్ల నైరాలని అంతవరకు చెప్పిన జాతీయ గణాంక సంస్థ, ఆ రోజున అదే సంవత్సరానికి 80.2 లక్షల కోట్లని ప్రకటించింది. డాలర్లలో చెప్పాలంటే సుమారు 27,000 కోట్లు 51,000 కోట్లయినాయి. దక్షిణాఫ్రికాను వెనుకకు నెట్టి నైజీరియా ఆ ఖండంలోకెల్లా పెద్ద ఆర్థిక వ్యవస్థ అనిపించుకొంది. ముందురాత్రి పస్తు పడుకొన్న కుటుంబానికి మాత్రం తెల్లవారి కొత్తగా కలిగిందేమీ లేదు.

దీనిని కనికట్టు అన్నవారున్నారు. నేనట్లు అనజాలను. జాతీయోత్పత్తిని లెక్కించేటప్పుడు ఒక ఆధార సంవత్సరాన్ని ఎన్నుకొని, ఆనాడు ఏ రంగానికి ఎంత ప్రాముఖ్యముందో దానినిబట్టి తూకాలు నిర్ణయిస్తారు. కాలం మారినకొలదీ, ఐదారేండ్లకొకసారైనా, ఆ తూకాలను సవరించుకోవాలి. నైజీరియా 1990 నాటి తూకాలతోనే 2014 దాకా నెట్టుకువచ్చింది. 1990లో ఆ దేశంలో సెల్‌ఫోను లేదు. 2013 నాటికి అది కోట్ల మంది చేతుల్లో ఉంది. నాలీవుడ్ అని ప్రసిద్ధికెక్కిన చలనచిత్ర పరిశ్రమకు పాత లెక్కల్లో చోటే లేదు. ఆధార సంవత్సరాన్ని 2010కి మార్చగానే ఇవన్నీ లెక్కలో చేరాయి. కావున కూడిక సరియైనదే. ఇన్నేండ్లు కూడకపోవడమే తప్పు. ఇరవై నాలుగేండ్లపాటు ఒక ప్రభుత్వం తన దేశాన్ని చూడకుండానే ప్రణాళికలు రచించిందన్నమాట! ఇది ఆ దేశానికి పుట్టుకతో వచ్చిన జబ్బే. 1960లో స్వాతంత్ర్యం వచ్చిన తొలి దినాలలో అక్కడి ప్రణాళికా విభాగంలో పనిచేసిన వోల్ఫ్‌గాంగ్ స్టాల్పర్ అనే ఆర్థికవేత్త, 1966లో తన అనుభవాలను గ్రంథస్థం చేస్తూ దానికి ‘ప్లానింగ్ వితౌట్ ఫ్యాక్ట్స్’ అని పేరు పెట్టాడు.

అయితే కొత్త తూకాలతో మాత్రం అందరూ లెక్కకు వచ్చారా? ఇక్కడ మన విద్యార్థులు, ముఖ్యంగా విద్యార్థినులు, కొంచెం నిలిచి ఆలోచించాలి. ఉత్తర నైజీరియాలోని హౌసా ముస్లిం సమాజంలో వివాహిత స్త్రీలు చాలమంది పరదాలో ఉంటారు. పాలీ హిల్ అనే బ్రిటిష్ పరిశోధకురాలు (సుప్రసిద్ధ ఆర్థికవేత్త కీన్స్‌కు ఈమె మేనకోడలు) 1960వ దశకంలో కట్సినా పట్టణానికి సమీపానగల బతగరావా గ్రామంలో ఉండి, ఈ స్త్రీల జీవితాన్ని పరిశీలించింది. బయటికి అడుగుపెట్టని ఆ ఇల్లాండ్రు ఇంటిలోనుండే వ్యాపారం చేస్తున్నారు! వేరుశనగ నూనె తీస్తారు, తినుబండారాలు వండుతారు, ధాన్యం నిలువచేసి అమ్ముతారు. సరుకు మోసేదీ, బేరం కబురు తెచ్చేదీ పిల్లలు. ఈ గడపచాటు వర్తకానికి ఆమె ‘మరుగున పడిన వ్యాపారం’ అనే అర్థమిచ్చే పేరు పెట్టింది. అట్లు వచ్చిన సొమ్ము ధర్మశాస్త్రం ప్రకారం భార్య సొంతం. భర్తకు దానిపై హక్కు లేదు. బజారును మాత్రమే చూచే గణకునికి ఆ వర్తకం కనపడదు. ఇంటి యజమానిని మాత్రమే ప్రశ్నించి వెళ్ళిపోయేవాని కాగితంలో ఆమె ‘పని లేనిది’గానే మిగులుతుంది. బీడీలు చుట్టే ఇండ్లలో పెరిగిన మన పిల్లలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

పని అంటే ఏమిటన్న ప్రశ్నకే ఆ దేశంలో జవాబు మారిపోయింది. 2020 చివరి త్రైమాసికంలో నిరుద్యోగం 33.3 శాతమన్నారు. 2023 మొదటి త్రైమాసికానికి 4.1 శాతమన్నారు. రెండేండ్లలో ఇన్ని ఉద్యోగాలెక్కడివి? ఎక్కడివీ కావు. పూర్వం వారానికి ఇరవై గంటలైనా పని దొరకనివానిని నిరుద్యోగి అనేవారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్వచనాన్ని అనుసరించి ఇప్పుడు వారంలో ఒక్క గంట పనిచేసినవానిని కూడా ఉద్యోగిగానే ఎంచుతున్నారు. ఇతర దేశాలతో పోల్చుకోవడానికి ఈ నిర్వచనం పనికివస్తుందేమో గాని, నిరుద్యోగ భృతి లేని బీదదేశంలో గంటసేపైనా పనిచేయకుండా బ్రతికేదెవరు? అట్టి చోట 4.1 అనే అంకె పేదవాని గత్యంతరంలేనితనాన్ని ఉద్యోగమని పిలుస్తున్నదని నా అభిప్రాయం.

ధరల సంగతీ ఇంతే. ద్రవ్యోల్బణం 2024 డిసెంబరులో 34.8 శాతం ఉండగా 2025 జనవరికి 24.48 శాతానికి దిగింది. ఆధార సంవత్సరం 2009 నుండి 2024కు మారింది. ఆహారానికిచ్చే తూకం కూడా తగ్గింది. ఆ తగ్గుదలను చూచి బజారులో ధరలు దిగాయనుకొంటే పొరపాటు. ఇక డాలర్ల గొప్ప ఎంతకాలం నిలిచింది? 2023 జూనులో నైరా విలువను విడిచిపెట్టగానే అది కూలింది. 2025లో మరొకసారి ఆధార సంవత్సరాన్ని మార్చి, లెక్కను పెంచి చూచినా, 2024 ఉత్పత్తి 24,300 కోట్ల డాలర్లకు మించలేదు. మొదటి స్థానం పోయి నాలుగవ స్థానం వచ్చింది. పదేండ్లలో పొలాలూ చమురు బావులూ సగానికి సగం ఎండిపోలేదు గదా!

ఇదే గణాంక సంస్థ 2020లో, బోర్నో రాష్ట్రాన్ని మినహాయించి, 40.1 శాతం ప్రజలు, అనగా 8 కోట్ల 29 లక్షల మంది, దరిద్రరేఖకు దిగువన ఉన్నారని నిర్మొగమాటంగా ప్రకటించిందని కూడా చెప్పాలి. అట్టి సంస్థను నిందించడంకన్నా దానికి డబ్బూ మనుషులనూ ఇవ్వని పాలకులను నిలదీయడం న్యాయం.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మనుషుల లెక్కతోనే. జనసంఖ్యనుబట్టి శాసనసభా స్థానాలు, చమురు రాబడిలో వాటాలు వస్తాయి గనుక ఉత్తర దక్షిణాల మధ్య ప్రతి లెక్కా తగాదాయే. 1962 లెక్కలు చెల్లలేదు, 1963వి వివాదాస్పదమైనాయి, 1973వి రద్దయినాయి. 1991లో 8 కోట్ల 89 లక్షలని తేలినప్పుడు, అంతకు మించి ఊహించుకొన్న ప్రపంచమంతా నివ్వెరపోయింది. 1991లోనూ 2006లోనూ మతాన్నీ తెగనూ అడగడం మానేశారు. కలహం తగ్గించడానికి తెలివైన ఉపాయమే. కాని ఏ వర్గపు పిల్లలు బడికి దూరమవుతున్నారో ఆ లెక్కలనుండి తెలుసుకొనే దారి కూడా దానితోనే మూసుకుపోయింది. బలహీన వర్గాలవారు ఆ ప్రశ్నను అడగవద్దనడంకన్నా, సరిగా అడగమనడమే మేలని నేను నమ్ముతాను. 2023లో జరుగవలసిన జనగణన వాయిదా పడింది. 2006లో లెక్కించిన 14 కోట్ల మీద అంచనాలు పేర్చి, ఆ అంచనాతోనే నైజీరియా జాతీయోత్పత్తిని భాగించి, తలసరి ఆదాయమని పాఠ్యపుస్తకాలలో అచ్చువేస్తున్నారు.