ప్రేమపాట ఎవరి సొత్తు?

స్త్రీ పోరాటం గురించి పాడితే రాజకీయం, ప్రేమ గురించి పాడితే కాలక్షేపం. ఈ విభజన ఎవరు చేశారు? మగ విమర్శకులే చేశారని సరిపెట్టుకుంటే కుదరదు. స్త్రీవాద విమర్శ రాసే మనం కూడా ప్రేమపాట దగ్గరికి వచ్చేసరికి మొహం తిప్పుకుంటున్నాం.

అమెరికన్ నల్లజాతి గాయని అనీటా బేకర్ 1986లో చేసిన సోల్ సంగీత ఆల్బమ్ 'రాప్చర్'నే తీసుకుందాం. ఎనిమిది పాటలు. వస్తువు ప్రేమ. మంద్రంగా, తొందర లేకుండా సాగే గొంతు. లక్షల్లో అమ్ముడుపోయింది, రెండు గ్రామీ అవార్డులు తెచ్చుకుంది. అయినా దాన్ని 'క్వైట్ స్టార్మ్' అనే అరలో పెట్టేశారు. 1976లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయం రేడియోలో మొదలైన రాత్రి కార్యక్రమం పేరది. తర్వాత ఆ తరహా ప్రేమపాటలన్నిటికీ అదే పేరు స్థిరపడింది. దీపాలు తగ్గించుకుని వినడానికే తప్ప ఆలోచించడానికి కాదన్నట్టు!

నల్లజాతి స్త్రీకి ప్రేమ ఏనాడైనా అంత తేలిక విషయమా? బానిసత్వంలో వాళ్ల పెళ్లికి చట్టం విలువ లేదు. భార్యని ఒకరికి, భర్తని మరొకరికి అమ్మేసేవారు. విముక్తి వచ్చాక కూడా పేదరికం పోలేదు. కానీ ఎవరిని ప్రేమించాలో తామే నిర్ణయించుకునే హక్కు చేతికొచ్చింది. మా రెయినీ, బెస్సీ స్మిత్, బిల్లీ హాలిడేల పాటల మీద 1998లో రాసిన పుస్తకంలో ఏంజెలా డేవిస్ చెప్పింది ఇదే. ఆ పాటల్లోని ప్రేమ సొంత వ్యవహారం మాత్రమే కాదు, స్వేచ్ఛకి ఆనవాలు. బేకర్ పాడింది ఆ వారసత్వంలోంచే.

ఈ పాటల్లో పురుషుడి కోసం తపన ఉంది, సమర్పణ ఉంది. ఇది పితృస్వామ్యం నేర్పిన ప్రేమ కాదా అని అడగొచ్చు. అడగాలి కూడా. కానీ పాటలోని మాటల దగ్గరే ఆగిపోతే, ఆ పాట వెనకున్న శ్రమ మనకి కనిపించదు.

డెట్రాయిట్‌లో 'చాప్టర్ ఎయిట్' బృందంలో పాడుతుండగా కంపెనీ ఆ బృందాన్ని వదిలించుకుంది. బేకర్ లాయర్ల ఆఫీసులో రిసెప్షనిస్టుగా చేరింది. 1983లో ఒక చిన్న సంస్థ ద్వారా మొదటి సోలో ఆల్బమ్ వచ్చింది. అక్కణ్ణించి బయటపడడానికి కోర్టులో పోరాడాల్సొచ్చింది. ఆ తర్వాత ఎలెక్ట్రా కంపెనీకి 'రాప్చర్' చేసినప్పుడు తనే ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్. ముఖ్య నిర్మాతగా పాత బృందంలోని గిటారిస్టు మైకేల్ పావెల్‌ని పెట్టుకుంది. మూడు పాటల రచనలో ఆమె చెయ్యి ఉంది. తనేం పాడాలో, ఎవరితో చేయాలో తేల్చుకున్న స్త్రీ గొంతు అది. దాన్ని ఒట్టి లొంగుబాటు అనడం అన్యాయం.

అయినా ఆ పాటల మాస్టర్ రికార్డింగులు ఆమె చేతిలో లేవు. 2021లో, ఆల్బమ్ వచ్చిన 35 ఏళ్లకి, తన పాటలు కొనొద్దు, వినొద్దు అని శ్రోతల్ని ఆమే కోరింది. తన గొంతుని తనే బహిష్కరించమంది! అదే ఏడాది సెప్టెంబరులో మాస్టర్లన్నీ తన చేతికొచ్చాయని ప్రకటించింది. అప్పటికి ఆమెకి 63 ఏళ్లు.

స్త్రీ ప్రేమపాటని మనం 'మెత్తని సరుకు' అని పక్కన పెడుతున్నంత కాలం, మార్కెట్ దాన్ని గట్టి సరుకుగానే అమ్ముకుంటూ ఉంటుంది. ప్రేమ పేరుతో చేసే పనిని పనిగా లెక్కపెట్టకపోవడం ఇంట్లో మనకి తెలిసిన దోపిడీయే. వంటింటి చాకిరీకి విలువ కట్టమని వాదించిన మనం పాటకి ఆ లెక్క ఎందుకు వర్తింపజేయం?

ప్రేమపాటని విమర్శిద్దాం. అందులోని ప్రేమ ఎలాంటిదో తప్పకుండా నిలదీద్దాం. దాంతోపాటు ఆ పాట ఎవరు రాశారు, ఎవరి పేరున ఉంది, ఆ డబ్బు ఎవరికి చేరుతోంది అని కూడా అడుగుదాం. ఈ ప్రశ్నలు లేని విమర్శ సగం విమర్శే.