ఆక్సిజన్ మాస్కు చూసి భయపడకండి

మా వార్డులో తరచుగా చూసే సంగతి ఇది. ఆయాసంతో వచ్చిన పెద్దాయనకు ఆక్సిజన్ మాస్కు పెట్టగానే మంచం పక్కన ఏడుపులు మొదలవుతాయి. "ఆక్సిజన్ పెట్టారంటే ఇక ఆఖరేనా, డాక్టరు గారూ?" అని అడుగుతారు. ఇంకొందరు "దానికి అలవాటు పడిపోతాడేమో" అని, మేము అటు తిరగగానే మాస్కు తీసి దిండు మీద పెడతారు. ఇది ప్రేమతో చేసే పనే. కాని చాలా ప్రమాదకరమైన పని.

ఊపిరితిత్తుల లోపల ద్రాక్షగుత్తుల వలె చిన్న చిన్న గాలి గదులు కోట్ల సంఖ్యలో ఉంటాయి. ఒక్కొక్క గదిని చుట్టుకొని సన్నని రక్తనాళాలు ఉంటాయి. గాలికీ రక్తానికీ మధ్య ఉన్న గోడ మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా పలుచన. ఉల్లిపొర కూడా దీని ముందు గోనెపట్టే! ఆ గోడలో తలుపులేమీ లేవు. వంటింట్లో కూర వాసన వసారాలోకి పాకినట్టు, ఎక్కువ ఉన్న చోటి నుండి తక్కువ ఉన్న చోటికి వాయువు దానంతట అదే పోతుంది. ఆక్సిజన్ రక్తంలోకి వెళ్తుంది, బొగ్గుపులుసు వాయువు గాలిలోకి వస్తుంది. ఎర్ర రక్తకణం ఆ గదిని దాటడానికి పట్టేది సెకనులో ముప్పాతిక వంతు. ఆరోగ్యవంతునికి అందులో మూడో వంతు సమయమే చాలు.

న్యుమోనియాలో ఈ గదులు నీటితో, చీముతో నిండుతాయి. బీడీ, చుట్ట తాగేవారిలో, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చున్న తల్లులలో గదుల గోడలు చిరిగిపోవచ్చు. అప్పుడు వాయువు మారడానికి చోటు తగ్గిపోతుంది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. మాస్కు ఆ శాతాన్ని పెంచుతుంది, కాబట్టి మిగిలిన మంచి గదుల గుండా రక్తంలోకి ఎక్కువ ఆక్సిజన్ చేరుతుంది. మాస్కు చేసేది ఇంతే. జబ్బు తగ్గాక తీసేస్తాము. 2021లో కరోనా రెండో విడతలో ఆక్సిజన్ పెట్టించుకొని నడిచి ఇంటికి వెళ్లినవారు మీ వీధిలోనే ఉండి ఉంటారు, అడగండి.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు ఒకటుంది. "నాన్నకు ఇంకొంచెం గాలి పెడదాం" అని సిలిండరు దగ్గర మరను తిప్పేస్తారు. పాత పొగ జబ్బు, అంటే సి.ఓ.పి.డి. ఉన్నవారికి ఆక్సిజన్ మితిమీరితే బొగ్గుపులుసు వాయువు రక్తంలో పేరుకుపోవచ్చు. రోగి మగతలోకి జారుకుంటాడు. బంధువులేమో హాయిగా నిద్రపోయాడని సంతోషిస్తారు. అందుకే అలాంటివారికి వేలికి పెట్టే మిషనులో 88 నుండి 92 ఉంటే మేము తృప్తిపడతాము. పక్క మంచం ఆయనకు 98 ఉంది కదా అని మాతో తగాదా పడవద్దు.

మాస్కు తీయాలనిపించినా, మర తిప్పాలనిపించినా ముందు సిస్టరును పిలవండి. రాత్రి రెండు గంటలైనా సరే, మేము విసుక్కోము.