సుగ్గి ఎవరి సరదా?

దీపావళి దాటిందంటే ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల పల్లెల్లో మూటలు కట్టడం మొదలవుతుంది. లారీలు, బొలేరోలు ఊరి బయట వచ్చి ఆగుతాయి. తిండిగింజలు, వంటపాత్రలు, టార్పాలిన్ పట్టలు ముందు ఎక్కుతాయి. వాటి మీద ఆడవారు, చంటిపిల్లలు ఎక్కుతారు. గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాలలో పత్తి తీతకు, మిరప కోతలకు వీరి ప్రయాణం. కొందరు తెలంగాణ జిల్లాలకు, మరికొందరు బెంగుళూరులో కట్టడం పనులకు పోతారు. దీనికి ఈ సీమలో సుగ్గి అని పేరు. పక్కనున్న కన్నడ నాట సుగ్గి అంటే ఇంటికి పంట వచ్చే కాలం. మన పల్లెల్లో మాత్రం పరాయి ఊరి పంట కోయడానికి ఇల్లు విడిచి పోవడం.

పోయినవారిలో ఎక్కువమంది ఉగాదికి తిరిగి వస్తారు. ఉగాది మరునాడు కైరుప్పలలో వీరభద్రస్వామి, భద్రకాళి అమ్మవారి పేరిట జరిగే పిడకల సమరానికి ఊరంతా రెండు వర్గాలై నిలబడుతుంది. ఆ సందడిని చూచి పడమటి మండలాలు కళకళలాడుతున్నాయని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. ఈ మండలాల స్థితి తెలియాలంటే పుష్యమాసంలో రావాలి. తాళాలు వేసిన ఇళ్లు, అరుగుల మీద కూర్చున్న ముసలివారు, సగం ఖాళీగా వున్న తరగతి గదులు అప్పుడు కనిపిస్తాయి.

"ఇది వీరికి అలవాటు, పని చూపినా పోతారు" అనే మాట కార్యాలయాల్లో తరచు వినబడుతుంది. ఈ మాటలో సగం నిజం వున్నది. ఐదెకరాల ఆసామి కూడా సుగ్గికి పోతున్న మాట వాస్తవం. కాని ఎందుకు పోతున్నాడన్నదే ప్రశ్న. వానల మీద వేసిన పత్తి, వేరుశనగ కార్తీకంతో ముగిసిపోతుంది. మళ్లీ తొలకరి దాకా మెట్ట చేనులో పని లేదు. విత్తనాలకు, ఎరువులకు, బోరుకు చేసిన అప్పు మాత్రం తీరిక లేకుండా పెరుగుతుంది. ఆ అప్పుకు కావలసింది రోజు కూలి కాదు, ఒక్కసారిగా చేతికి వచ్చే మొత్తం. మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు, కోతలు ముగిశాక ముట్టే సొమ్ము ఆ అవసరాన్ని తీరుస్తాయి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఏడాదికి 100 రోజుల పని అన్నది. అది వచ్చాక కూడా సుగ్గి ఆగలేదు. చేసిన పనికి డబ్బు ఎప్పుడు పడుతుందో తెలియనప్పుడు అప్పులవాడు ఆగుతాడా?

ఒకప్పుడు గుంటూరు సీమవారే వలస పోయారన్న సంగతి మనలో చాలామంది మరచిపోయారు. 1832-33 నాటి నందన కరువులో ఆ జిల్లా జనం మద్రాసు దారి పట్టి, దారి పొడవునా ప్రాణాలు విడిచారు. 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట లేచింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. మనుషులు మారలేదు, నీరు వచ్చింది. నాడు జనాన్ని బయటకు పంపిన సీమ నేడు కూలీలను పిలుస్తున్నది. 1938లో చమురు పడక ముందు ముత్యాల వేట మీద, ఓడ వ్యాపారం మీద బతికిన కువాయిట్‌కు నేడు రాయచోటి నుంచి వేలమంది పోతున్నారు. పేద దేశం నుంచి సంపన్న దేశానికి పోయినా, కైరుప్పల నుంచి పల్నాడుకు పోయినా కారణం ఒకటే. ఏడాది పొడవునా పని ఎక్కడ వుంటే మనిషి అక్కడికి పోతాడు. ఎంత దూరం పోగలడన్నది చేతిలోని డబ్బును బట్టి వుంటుంది. వీసాకు, విమానానికి లక్షలు పెట్టగలవాడు గల్ఫుకు పోతాడు. ఏమీ లేనివాడు మేస్త్రీ పంపిన లారీ ఎక్కుతాడు. అందరికన్నా పేదవాడు దేశం దాటలేడు. కనుకనే అతని వలస ఎవరి లెక్కల్లోనూ సరిగా కనబడదు.

ఆదోని, ఆలూరు తాలూకాలు 1953లో బళ్లారి జిల్లా నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రంలో చేరాయి. తుంగభద్ర డ్యాము మనకు దూరం కాదు. అయినా దిగువ కాలువ నీరు కర్ణాటక భూములు దాటి చివరికి మన పొలాలకు చేరాలి. 133 టి.ఎం.సి.లతో కట్టిన జలాశయం పూడిక వల్ల సుమారు 105 టి.ఎం.సి.లకు తగ్గింది. 2024 ఆగస్టులో ఒక గేటే కొట్టుకుపోయింది. ఆదోని పత్తి మార్కెట్టుకు రాష్ట్రమంతటా పేరున్నది. అక్కడికి పత్తి తెచ్చిన రైతే ఆ తరువాత పరాయి చేలో కూలికి పత్తి తీస్తున్నాడు. ఇంతకన్నా శోచనీయమైన విషయం ఏమున్నది?

ఈ వలసలో ఎక్కువ నష్టపోతున్నది పిల్లలు. కోత కూలి ఎక్కువగా తూకాన్ని బట్టి వుంటుంది. ఇంకో రెండు చేతులు తోడైతే ఇంకొన్ని కిలోలు పెరుగుతాయి. అందుచేత పదేళ్ల పిల్ల కూడా సాలులో నిలబడుతున్నది. ఉగాదికి తిరిగివచ్చేసరికి బడిలో పరీక్షలు ముంచుకు వస్తాయి. ఆ పిల్ల చదువు అక్కడితో ఆగితే పదేళ్ల తరువాత సుగ్గి లారీలో ఆమె, ఆమె బిడ్డలు వుంటారు.

సుగ్గిని నిషేధించమని మేము కోరడం లేదు. బతుకుతెరువు కోసం ఎక్కడికైనా పోవడం ప్రతివారి హక్కు. పోక తప్పని స్థితి మాత్రం పోవాలి. సీజనల్ హాస్టళ్లు దీపావళికి ముందే తెరవాలి. లారీ కదిలిన తరువాత తెరిచిన హాస్టలు ఎవరి కోసం? కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా గ్రామాల్లో పనులు చూపి, వారం వారం కూలి చెల్లించాలి. కాలువ చివరి భూములకు నీరు అందించి, మెట్ట గ్రామాల్లో చెరువులు బాగుచేయాలి. పోయినవారి పేర్లు, పోయిన ఊళ్లు పంచాయతీలో నమోదు కావాలి. అప్పుడే అక్కడ రేషను బియ్యం, వైద్యం, ప్రమాదం జరిగితే పరిహారం అందించడానికి వీలు కలుగుతుంది.

అధికారులు, ప్రజాప్రతినిధులు ఉగాది ఉత్సవానికి తప్పక వస్తారు. వారు పుష్యంలో కూడా ఒకసారి వచ్చి, తాళాలు వేసిన ఇళ్లను లెక్కించాలి. మరుసటి ఏడు ఆ లెక్క తగ్గితే వారి పని ఫలించినట్లు.